రెండో చేతికి ఏం పని? షినాయ్, బ్యాట్, రాకెట్, చాప్‌మన్ స్టిక్: ఒక సమీక్ష

రెండు చేతులతో పట్టుకోవలసిన పరికరాన్ని కొనేటప్పుడు బరువు చూస్తాం, పొడవు చూస్తాం, దేనితో చేశారో అడుగుతాం. రెండో చేతికి అది ఏం పని ఇస్తుందో మాత్రం అడగం. నా లెక్కలో అన్నిటికన్నా ముందు అడగవలసింది ఆ ప్రశ్నే. ఒక చేయి కష్టపడుతుంటే రెండోది ఊరికే ఆనుకొని ఉంటే, అది రెండు చేతుల పరికరం కాదు, కాస్త బరువెక్కిన ఒంటిచేతి పరికరం. జపాన్ ఖడ్గవిద్య అయిన కెండో సాధనలో వాడే వెదురు కత్తి షినాయ్‌ని, క్రికెట్ బ్యాట్‌ని, రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్ ఆడేవారికి తగిన టెన్నిస్ రాకెట్‌ని, రెండు చేతులతో తీగలను తట్టి వాయించే చాప్‌మన్ స్టిక్‌ని ఈ ఒక్క ప్రశ్నతో పరీక్షించి రాస్తున్న సమీక్ష ఇది. ఆయుధాన్ని, ఆట వస్తువును, వాద్యాన్ని ఒకే త్రాసులో తూచడం విడ్డూరంగా కనిపించవచ్చు గానీ, పిడి మీద చేతులు పెట్టిన క్షణం నుంచి నాలుగూ అడిగేది ఒకే రకమైన పొత్తు. బ్యాట్, రాకెట్ల గురించి తెలియనివారు తక్కువ కనుక వాటిని క్లుప్తంగా ముగించి, షినాయ్‌కీ స్టిక్‌కీ ఎక్కువ చోటు ఇస్తున్నాను.

షినాయ్ నిర్మాణమే ఒక ముచ్చట. నాలుగు వెదురు బద్దలను గుండ్రంగా కూర్చి, మొన దగ్గర సకిగవా అనే చిన్న తోలు తొడుగును, పట్టుకొనే చోట త్సుకా అనే పొడవైన తోలు తొడుగును ఎక్కించి, ఈ రెంటినీ త్సురు అనే తాడుతో వెన్ను పొడవునా లాగి కడతారు. నడుమ నకయుయి అనే సన్నని తోలు పట్టీ బద్దలు విచ్చుకోకుండా కాస్తుంది. పిడి లోపల బద్దల మధ్య చిగిరి అనే చిన్న చదరపు లోహపు రేకు ఇమిడి ఉండి, అవి ఒకదానిపై ఒకటి జారకుండా ఆపుతుంది. ఇందులో మేకు లేదు, జిగురు లేదు. మొత్తం నిర్మాణం తాడు బిగువు మీద నిలబడుతుంది. అందువల్ల ఏ భాగం పాడైనా విప్పి, దాన్ని ఒక్కదాన్నే మార్చుకొని మళ్లీ కట్టుకోవచ్చు. కొనే వస్తువులో ఇంతకన్నా కోరదగిన గుణం నాకు తోచదు.

అంతర్జాతీయ కెండో నియమాల ప్రకారం పెద్దలు ఒకే కత్తితో పోటీ పడేటప్పుడు షినాయ్ పొడవు 120 సెంటీమీటర్లు మించకూడదు. బరువు పురుషులకు 510 గ్రాములకు, మహిళలకు 440 గ్రాములకు తగ్గకూడదు. ఈ కొలతకు సరిపోయేదాన్నే 39 సైజు అంటారు. ఇంత తేలికైన వస్తువుకు రెండు చేతులు ఎందుకని కొత్తవారికి అనిపించడం సహజం. బరువు మోయడానికి కాదు, తిప్పడానికి. ఎడమ చేయి పిడి చివరను, చిటికెన వేలు అంచుకు ఆనేలా పట్టుకుంటుంది. కుడి చేయి త్సుబా అనే కాపు బిళ్ల కిందనే ఉంటుంది. రెంటికీ మధ్య ఖాళీ ఉండడంతో, ఒక చేయి ముందుకు నెట్టి మరొకటి వెనక్కు లాగితే కత్తి కొస వేగంగా తిరుగుతుంది. భౌతికశాస్త్రం బలయుగ్మం అని పిలిచేది ఇదే. చేతుల మధ్య దూరం పెరిగేకొద్దీ తిప్పే శక్తి పెరుగుతుంది, కానీ అందే దూరం తగ్గుతుంది. పిడి పొడవు ఈ రెంటి మధ్య కుదిరిన రాజీ.

ఈ పొత్తులో పెత్తనం ఎడమ చేతిది. ఎత్తడం, దింపడం, మధ్యరేఖను కాపాడడం దాని పని; కుడి చేయి దిశ చూపుతుంది, దెబ్బ తగిలే క్షణంలో మాత్రం రెండూ కలిసి బిగుస్తాయి. పుట్టుకతో ఎడమచేతి వాటం ఉన్నవారు కూడా ఇదే పట్టు నేర్చుకుంటారు కనుక, కుడిచేతి వాటం గలవారికి ఈ ఆయుధం మొదటి పాఠంలోనే వారి బలమైన చేతిని రెండో స్థానంలో కూర్చోబెడుతుంది. కుడి చేయి పెత్తనం వదలనంత కాలం దెబ్బ మొద్దుగా పడి అక్కడే అతుక్కుంటుంది. వదిలిన తర్వాత దెబ్బ చిటుక్కుమని పడి తనంతట తానే లేస్తుంది. గురువు చెప్పకముందే చెవి చెబుతుంది. నేను అడిగే ప్రశ్నకు ఇంత నిక్కచ్చిగా జవాబిచ్చే పరికరాలు అరుదు.

కొనేవారికి కొన్ని మాటలు. పిడి పొడవును కంటితో అంచనా వేయవద్దు. పిడి చివరను మోచేతి మడతలో ఆనించి, ముంజేతి పొడవునా షినాయ్‌ని ఉంచి పట్టుకుంటే, కుడి చేయి త్సుబా కింద సరిగ్గా రావాలి. సైజు 39 అయినంత మాత్రాన పిడి అందరికీ ఒకటే కాదు. తొడుగు తోలును కోసి పొడవు తగ్గించుకొనే వీలుంది. పిడి ఆకారాల్లో గుండ్రనిది మామూలుది. కోడిగుడ్డు ఆకారపు కోబన్, ఎనిమిది పలకలది కూడా దొరుకుతాయి. నా ఓటు కోబన్‌కే. కత్తికి అంచు ఎటువైపు ఉందో అరచేతికి తెలుస్తూ ఉంటుంది కనుక కుడి చేయి తన అసలు పని, అంటే దిశ చూపడం, త్వరగా నేర్చుకుంటుంది. ఇక బరువు పంపకం సంగతి: దోబరి రకంలో బద్దలు చేతుల దగ్గర లావుగా ఉండి బరువు పిడివైపు చేరుతుంది, కొస తేలికగా ఆడుతుంది, తిన్నని రకంలో బరువు ముందుకు ఉంటుంది. పోటీలకు దోబరి హాయి. ఎడమ చేయి గట్టిపడాలంటే మాత్రం తిన్నని రకమే మేలు, ఎందుకంటే అందులో కుడి చేతి వేళ్లతో కొసను ఆడించి తప్పించుకొనే వీలు తక్కువ.

లోపం ఒక్కటే, అది చిన్నది కాదు. వెదురు చీలుతుంది. చీలిన పేడు ముఖకవచం కమ్మీల సందులోంచి దూరితే కంటికే ప్రమాదం కాబట్టి, ప్రతి సాధనకు ముందూ తర్వాతా నాలుగు బద్దలనూ వేళ్లతో తడిమి చూడడం తప్పనిసరి. అప్పుడప్పుడు విప్పి, పేళ్లను గరుకు కాగితంతో రుద్ది, పలుచగా నూనె పట్టించి, దెబ్బ తినే బద్దను పక్కకు మార్చి కట్టుకుంటే చాలాకాలం వస్తుంది. ఈ ఓపిక లేనివారికి కార్బన్ షినాయ్ ఉంది. చాలా ఎక్కువకాలం మన్నుతుంది గానీ, దెబ్బలోని ఆ చిటుకు మోత లేదు, చేతికి అందే కబురూ కాస్త మొద్దుబారుతుంది. వెదురుదే కొనమంటాను.

షినాయ్ మరీ బోలుగా ఉందనుకొనేవారు పాత ఐరోపా ఖడ్గవిద్య సాధనలో వాడే ఫెడర్ వైపు చూడవచ్చు. సన్నగా, పదును లేకుండా, పొడుచుకొన్నప్పుడు వంగేలా చేసిన ఉక్కు పలక, కాపు కమ్మీకి ముందు వెడల్పాటి రెక్కలు, చివర పోమెల్ అనే గుండు: దాదాపు ఒకటిన్నర కిలోల బరువు ఉంటుంది. వినడానికి బరువే, కానీ పోమెల్ వల్ల తూకపు బిందువు కాపు కమ్మీ దగ్గరకు వచ్చేస్తుంది కనుక చేతిలో అంత అనిపించదు. ఎడమ చేయి పోమెల్ మీదే ఉంటే కొస మరింత వేగంగా తిరుగుతుంది. సాధనకు తోడూ, దళసరి చేతి తొడుగులూ లేకుండా కొనదగిన వస్తువు కాదు.

క్రికెట్ బ్యాట్‌కు షినాయ్‌తో ఉన్న చుట్టరికం పైకి కనిపించదు. కుడిచేతి ఆటగాడి ఎడమ చేయి ఇక్కడ కూడా పిడి చివరనే ఉంటుంది. నిటారు బ్యాట్‌తో కొట్టే డ్రైవ్‌లలో ఆ పై చేయే నడిపిస్తుంది, కింది చేయి వదులుగా వెంట వస్తుంది. కట్, పుల్ షాట్లలో కింది చేయి పగ్గాలు తీసుకుంటుంది. అంటే షినాయ్‌లో స్థిరంగా ఉన్న అధికారం బ్యాట్‌లో బంతిని బట్టి చేతులు మారుతుంది. సచిన్ టెండూల్కర్ రాసేది ఎడమ చేత్తో, బ్యాటింగ్ కుడిచేతి వాటంతో; సౌరవ్ గంగూలీ కుడిచేతి వాటం మనిషి, బ్యాటింగ్ మాత్రం ఎడమచేతిది. ఇద్దరిలోనూ బలమైన చేయి పిడి పైభాగాన ఉండడం కాకతాళీయమే కావచ్చు, అయినా బ్యాట్ కొనేవారు ఆలోచించదగిన సంగతి.

క్రికెట్ నియమాల ప్రకారం బ్యాట్ పొడవు 38 అంగుళాలు, వెడల్పు 4.25 అంగుళాలు మించకూడదు. 2017 అక్టోబరు నుంచి అంచు మందానికి 40 మిల్లీమీటర్లు, మొత్తం లోతుకు 67 మిల్లీమీటర్లు హద్దు. కొనడానికి వచ్చినవారు ఆ అంచునే వేలితో కొలిచి మురిసిపోతారు. పిడిని పట్టించుకొనేవారు తక్కువ. బెత్తపు ముక్కల మధ్య రబ్బరు పొరలు అతికించి, విల్లో కలపలోకి ఆంగ్ల వీ అక్షరం ఆకారంలో దిగేసిన ఆ పిడిలోనే రెండు చేతుల సంబంధం ఉంది. కింది చేయి పట్టే చోట పిడి కోడిగుడ్డు ఆకారంలో ఉంటే బ్యాట్ ముఖం ఎటు తిరిగి ఉందో తెలుస్తుంది. గుండ్రంగా ఉంటే కింది చేయి వదులుగా తిరగగలుగుతుంది. కింది చేతి జోరుతో ఆడేవారికి మొదటిది, పై చేతి ఆటగాళ్లకు రెండోది సూచిస్తాను. రెండు గ్రిప్పులు ఒకదానిమీద ఒకటి ఎక్కించి పిడిని లావు చేసుకొనేవారు, ఆ లావు ఏ చేతికి కావాలో ముందు తేల్చుకుంటే మంచిది.

టెన్నిస్ రాకెట్ దగ్గరకు వస్తే కథ తిరగబడుతుంది. కుడిచేతి ఆటగాడి రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్‌లో పిడి చివరన ఉన్నది కుడి చేయి, దానికి ఆనుకొని పైన ఉన్నది ఎడమ చేయి. నిజానికి ఆ దెబ్బ ఎడమ చేతి ఫోర్‌హ్యాండే, కుడి చేయి కుదురు మాత్రమే ఇస్తుంది. రఫాయెల్ నదాల్ కుడి చేత్తో రాస్తూ ఎడమ చేత్తో ఆడినవాడు కనుక అతని బ్యాక్‌హ్యాండ్‌ను తోసినది సహజంగా బలమైన చేయే. చేతులు ఒకదానికొకటి తగిలి ఉంటాయి కాబట్టి బలయుగ్మం ఇక్కడ చిన్నది. లాభమంతా భుజాలు, నడుము కలిసి తిరగడం వల్ల వచ్చేది. ఎత్తుగా లేచే బంతి, వేగమైన సర్వీసు తిరిగి కొట్టడం తేలికవుతాయి. దూరంగా పోయే బంతి, వల దగ్గర వాలీ కష్టమవుతాయి.

ఈ పద్ధతి కొత్తది కాదు. 1930లలోనే ఆస్ట్రేలియా ఆటగాళ్లు వివియన్ మెక్‌గ్రాత్, జాన్ బ్రామ్‌విచ్ ఇలా ఆడారు. 1970లలో క్రిస్ ఎవర్ట్, జిమ్మీ కానర్స్, బ్యోన్ బోర్గ్ విజయాలతో అది అందరి ఆట అయింది. మోనికా సెలెస్ రెండు వైపులా రెండు చేతులతోనే కొట్టేది. అదే తీరులో మారియన్ బార్టోలీ 2013లో వింబుల్డన్ గెలిచింది. ఇంత జరిగినా, చాలా రాకెట్ల వివరాల పట్టికలో పిడి పొడవు కనబడదు. తల వైశాల్యం, తీగల అల్లిక, గట్టిదనం అన్నీ ఉంటాయి; రెండు అరచేతులు పడతాయో లేదో మాత్రం ఉండదు. పెద్ద చేతులు గలవారి ఎడమ చూపుడు వేలు గ్రిప్పు దాటి నున్నని ఫ్రేము మీదకు పోతుంది, చెమట పట్టాక అది జారుతుంది. గ్రిప్పు మీద అదనంగా చుట్టే పట్టీ అయిన ఓవర్‌గ్రిప్‌ను మామూలుకన్నా పైదాకా చుట్టుకోవడం దీనికి చవకైన విరుగుడు. మామూలు రాకెట్ పొడవు 27 అంగుళాలు, నియమాలు ఒప్పుకొనే గరిష్ఠం 29. నడుమ 27.5 అంగుళాల రకాలు రెండు చేతుల ఆటగాళ్లకు పోయిన అందుబాటును కొంత తిరిగి ఇస్తాయి. ఊపులో పెరిగే బరువు బ్యాక్‌హ్యాండ్‌లో దాదాపు తెలియదు, కానీ ఒంటి చేత్తో చేసే సర్వీసులో, ఫోర్‌హ్యాండ్‌లో భుజానికి తెలుస్తుంది. ఆటలో రెండో చేతికి పని దొరికేది సగం దెబ్బలలోనే. నా ప్రశ్నకు రాకెట్ ఇచ్చే జవాబు అంతవరకే.

మిగిలింది చాప్‌మన్ స్టిక్. జాజ్ గిటారిస్టు ఎమ్మెట్ చాప్‌మన్ 1969లో కనిపెట్టిన ఒక పట్టు నుంచి ఇది పుట్టింది; 1974 నుంచి అమ్మకానికి తయారవుతోంది. ఆయన 2021లో కన్నుమూశారు. పేరుకు తగ్గట్టే ఇది ఒక పొడవాటి పలక: గిటారుకు ఉండే పొట్ట లేదు, మీటే చోటు లేదు, ఫ్రెట్లు అనే లోహపు మెట్లున్న వెడల్పాటి మెడ మీద మామూలుగా పది తీగలు. తీగను ఫ్రెట్ వెనక వేలితో తట్టగానే స్వరం పుడుతుంది, వేలు ఉన్నంతసేపు బతుకుతుంది, తీయగానే ఆగుతుంది. మీటడానికి వేరే చేయి అక్కరలేదు కనుక రెండు చేతులూ స్వరాలు పుట్టించడానికే మిగులుతాయి.

గిటారు మీద రెండు చేతులతో తట్టడం అంతకుముందూ ఉంది, 1978 తర్వాత రాక్ గిటారిస్టు ఎడీ వాన్ హేలెన్ వల్ల లోకమంతా పాకింది. అక్కడ కుడి చేయి ఎక్కువగా ఎడమ చేతి స్వరాలకు పైన ఒకటో రెండో మెరుపులు చేరుస్తుంది. చాప్‌మన్ చేసిన మార్పు చెప్పడానికి చిన్నది. కుడి చేతిని మెడకు అవతలి వైపు నుంచి అడ్డంగా తెచ్చి, దాని వేళ్లు కూడా ఎడమ చేతి వేళ్లలాగే ఫ్రెట్లకు సమాంతరంగా ఉండేట్టు పెట్టాడు. దాంతో నాలుగు వేళ్లూ ఒకే తీగ మీద వరుసగా నాలుగు ఫ్రెట్లను అందుకోగలిగాయి, కుడి చేయి పూర్తి స్థాయి వాదకురాలైంది. వాద్యం మొత్తం ఈ ఒక్క కోణం కోసం రూపుదిద్దుకొంది: నడుముకు తగిలించుకొనే కొక్కెం, భుజం మీద పట్టీ కలిసి దాన్ని దాదాపు నిలువుగా నిలబెడతాయి, మోసే పని చేతులకు లేకుండా పోతుంది. షినాయ్‌లో, బ్యాట్‌లో, రాకెట్‌లో చేతులు ఎంతోకొంత మోయాలి. ఇక్కడ మోత సున్న.

తీగల అమరికలోనూ తెలివి ఉంది. అయిదు తీగలు రాగం వైపు, అయిదు బాస్ వైపు. రెండు గుంపుల్లోనూ మంద్ర తీగలు నడుమన, తార తీగలు అంచుల్లో ఉంటాయి. రాగం వైపు తీగల మధ్య శ్రుతి దూరం గిటారులో చాలావరకు ఉన్నట్టే మధ్యమాలలో, బాస్ వైపు పంచమాలలో ఉంటుంది. పంచమాల వల్ల ఎడమ చేయి పెద్దగా సాగకుండానే మూలస్వరాన్ని, దాని పంచమాన్ని, పై సప్తకంలోని గాంధారాన్ని ఒకే పట్టులో అందుకొంటుంది. విశాలంగా, బురద లేకుండా వినిపించే ఆ స్వరాల పొందిక ఈ వాద్యానికి సంతకం వంటిది. అయితే దీనికి మూల్యం మెదడు చెల్లిస్తుంది. ఒకే స్వరసముదాయానికి ఎడమ చేతిలో ఒక ఆకారం, కుడి చేతిలో మరో ఆకారం. పియానో వాయించేవారికి చేతుల స్వాతంత్ర్యం వచ్చే ఉంటుంది గానీ తీగ మీది వేలి ఒత్తిడి కొత్త. గిటారు వాయించేవారికి వేలి ఒత్తిడి తెలుసు గానీ కుడి చేయి పసిపిల్లవుతుంది. తబ్బిబ్బు ఇద్దరికీ తప్పదు, ఎవరికి ఎక్కువో చెప్పలేం.

ధ్వని విషయంలో మొహమాటం లేకుండా చెబుతాను. యాంప్లిఫయర్ లేకుండా ఈ వాద్యం దాదాపు మూగ. తీగలు ఫ్రెట్లకు చాలా దగ్గరగా ఉంటాయి, కనుక తేలికగా తట్టినా పలుకుతుంది. అదే కారణాన స్వరం మొదలయ్యే తీరులో వైవిధ్యం తక్కువ. మీటులో గోరుకీ కండకీ ఉండే తేడా, తీగలను మోసే వంతెన దగ్గర మీటితే వచ్చే పదును ఇక్కడ లేవు. బలం మారేది తట్టే వేగంతోనే. బదులుగా పియానోకు లేనిది ఒకటి ఉంది: స్వరం పుట్టాక కూడా వేలు దాని మీదే ఉంటుంది కనుక తీగను పక్కకు లాగి ఊపు, గమకం ఇవ్వవచ్చు, అదీ రెండు చేతుల్లో విడివిడిగా. ముట్టని తీగలు మోగకుండా మెడ పైకొసన మెత్తని అడ్డు ఒకటి ఉంటుంది. అది సరిగ్గా ఆనకపోతే ప్రతి స్వరం వెనకా ఒక అనవసరపు గుసగుస వినిపిస్తుంది. కొన్నాక మొదట సరిచూసుకోవలసింది ఆ అడ్డునే.

బాస్‌కు మాత్రమే దీన్ని వాడవచ్చా అని అడిగేవారికి బాస్ వాదకుడు టోనీ లెవిన్ సమాధానం. 1981లో ఆయన చేరిన కింగ్ క్రిమ్సన్ అనే రాక్ బృందంలో ఆయన చేతిలో ఇది ప్రధానంగా గట్టి దెబ్బల, చురుకైన లయల వాద్యం అయింది. అంతమాత్రాన ఒక చేతిని పక్కన పెట్టి వాయించాలనుకొనేవారు దీన్ని కొనడం దండగ. ఆ పని మామూలు బాస్ గిటారు ఇంకా బాగా చేస్తుంది. దగ్గరలో గురువు దొరకడం కష్టం, శ్రుతి అమరికలు అనేకం కనుక ఒకరి పాఠం మరొకరి వాద్యానికి అన్వయించకపోవచ్చు. కాబట్టి మొదటిసారి కొనేవారు పది తీగల రకంతో, పైన చెప్పిన మధ్యమ పంచమాల మామూలు శ్రుతితో మొదలుపెట్టడం క్షేమం. పన్నెండు తీగలు ఆశ పెడతాయి, కానీ మెడ ఇంకా వెడల్పవుతుంది.

యాంప్లిఫయర్ ఎంపికలో మాత్రం పిసినారితనం వద్దు. స్టిక్ నుంచి రాగం వైపు ధ్వని, బాస్ వైపు ధ్వని విడివిడిగా బయటకు వస్తాయి. రెంటినీ కలిపి ఒకే చానెల్‌లోకి పంపితే బాస్ ముద్దగా, రాగం కీచుగా అయి వాద్యం మీద అన్యాయంగా చెడ్డ అభిప్రాయం కలుగుతుంది. రెండు చానెళ్లుంటే దేని ధ్వనిని దానికి తగ్గట్టు సరిచేసుకోవచ్చు. దానికి మించిన లాభం, రెండు చేతులూ వాయిస్తూ ఉండగానే ఒక చానెల్ గొంతు తగ్గించి, మిగిలిన చేయి ఒక్కటే ఏం చేస్తోందో వినవచ్చు. సాధనలో ఎడమ చేయి లయ తప్పేది ఎక్కడో, కుడి చేతి ఊపు దాన్ని ఎక్కడ కప్పిపుచ్చుతోందో అలా నిమిషంలో తేలుతుంది. వాద్యంతో పాటు రెండు చానెళ్లకు విడిపోయే కేబుల్ కూడా ఉందో లేదో కొనేటప్పుడే చూసుకోండి.